మూడు గొంతుల టెండరు

ఆ జిల్లా ఆసుపత్రిలో మూడు కొటేషన్లు లేకుండా సూది కూడా గుచ్చరని ఊళ్లో ఒక మాట ఉంది. అందులో అతిశయోక్తి కొంచెమే. ఎప్పుడో ఒకసారి చీపురుకట్టలు ఒకే కొట్లో కొన్నారట. ఆ చీపుళ్లు అరిగిపోయాయి, వాటితో ఊడ్చిన ఆవిడ రిటైరైపోయింది, ఆవిడ ఊడ్చిన వార్డు కూలిపోయి కొత్తది లేచింది. ఆడిట్ వారి అభ్యంతరం మాత్రం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. ఆనాటి నుంచి ఆసుపత్రికి ఒక జ్ఞానం కలిగింది. ఒకటి వచ్చిందంటే అనుమానం. రెండు వచ్చాయంటే కుమ్మక్కు. మూడు వస్తేనే న్యాయం.

ఈ న్యాయం సంగతి తెలియకుండానే తవిటమ్మ ఒక సోమవారం పొద్దున్న చెల్లెలు బంగారిని వెంటబెట్టుకుని ఆ ఆసుపత్రి మెట్లెక్కింది.

తవిటమ్మ జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొడుతుంది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, నాలుగోదాన్నయినా మృత్యువు కంట పడనివ్వకూడదని తల్లి ఆమెను చేటలో పెట్టి పొరుగింటావిడకు ఇచ్చేసి, చారెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంది. కొనుక్కున్న బిడ్డ మీద మృత్యువుకు హక్కుండదని ఆ పక్క నమ్మకం. తర్వాత ఏడేళ్లకు బంగారి పుట్టింది. అప్పటికి తల్లికి ధైర్యం చిక్కి, దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, ఎవరి దగ్గరా కొనలేదు. తవిటమ్మకు అదే దిగులు. కొనని బిడ్డ. ఎవరైనా పట్టుకుపోతే గట్టిగా అడిగే వీలుండదు. తల్లీ తండ్రీ మొగుడూ ఒకరి వెనక ఒకరు చేతిలోంచి జారిపోయాక మిగిలింది ఈ ఒక్కత్తే. యాభై ఏళ్లు దాటినా బస్సెక్కేటప్పుడు చెల్లెలి కొంగు పట్టుకునే ఎక్కుతుంది.

ఆ బంగారికి గొంతు మీద గడ్డ. పదేళ్ల కిందట నిమ్మకాయంత ఉన్నప్పుడు నగ పెట్టుకున్నట్టుందని నవ్వుకున్నారు. ఇప్పుడది చిన్న కొబ్బరికాయంత అయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. గోడకు చేరబడి కూర్చునే నిద్రపోతుంది. గాలి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వినబడుతుంది.

కోసేయాలన్నాడు కోత డాక్టరు. ముందు మత్తు డాక్టరు సరేననాలి. మత్తు డాక్టరు పేరు మృణాళిని. సన్నగా, అలిసిపోయినట్టు ఉంటుంది.

“నోరు తెరవమ్మా.”

బంగారి తెరిచింది. ఆవిడ రెండు వేళ్లు నిలువుగా పెట్టబోతే పట్టలేదు.

“ఇంతేనా?”

“ఇంతే వత్తాది డాట్రమ్మా. ఇంకా తెరిస్తే సెవి కాడ కలుక్కుమంటాది.”

డాక్టరమ్మ తవిటమ్మ వైపు తిరిగింది. “మత్తిచ్చాక మీ చెల్లెలు తనంతట తను ఊపిరి తీసుకోలేదు. గొంతులోకి గొట్టం వేసి నేను అందించాలి. గొట్టం వెయ్యాలంటే దారి కనపడాలి. గడ్డ ఆ దారిని పక్కకి తోసేసింది. ఇదిగో, మా దగ్గరున్న పాత లారింగోస్కోపు ఇది. నాలుక పైకెత్తి లైటు వేసి చూస్తాం. దీంతో మీ చెల్లెలి దారి కనపడదు.”

“కనపడకపోతేటి?”

“వెయ్యలేను. వెయ్యలేకపోతే...”

ఆవిడ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయని మాటలు అర్థం చేసుకోవడంలో తవిటమ్మకు చాలా అనుభవం ఉంది.

“కెమెరా ఉన్నది ఒకటి వచ్చింది,” అంది డాక్టరమ్మ. “మూల తిరిగాక ఏముందో బొమ్మలో చూపిస్తుంది. దానితో వెయ్యగలను. మూడు నెలల నుంచి బీరువాలో ఉంది.”

“బీరువా తాళం పోనాదేటి?”

“తాళం ఉంది. అనుమతి లేదు.”

*

అనుమతి ఇచ్చే పెద్దమనిషి సర్వేశ్వరరావు గారు. ఆసుపత్రికి పరిపాలనాధికారి. ఆయన బల్ల మీద దుమ్ము కూడా వరుస తప్పదు. డాక్టరమ్మ ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లి ఆయన ముందు నిలబెట్టింది.

“మీ ప్రతిపాదన పరిశీలించడమైనది మేడమ్,” అన్నారాయన. “మూడు కంపెనీల వారు మూడు రకాల లారింగోస్కోపులు పరీక్ష నిమిత్తం పంపియున్నారు. కష్టసాధ్యమైన గొంతుల మీద వాటిని పోల్చి చూసిన మీదట గాని ఏదియు స్టాకులోకి తీసుకొనబడదు. స్టాకులోకి తీసుకొనబడనిది వాడబడదు.”

“పోల్చడానికే వాడదాం సార్. కష్టమైన గొంతు ఇదిగో.”

ఆయన కళ్లజోడు సర్దుకుని బంగారి మెడను చూశారు. అంతసేపూ ఈల వినబడుతూనే ఉంది.

“ఒకటే గొంతు,” అన్నారు బాధగా. “సింగిల్ బిడ్డు. పోటీ లేనప్పుడు ఇది నిజంగా కష్టమైన గొంతో, కష్టమైనట్టు కనపడుతున్న గొంతో తేల్చు ప్రాతిపదిక కార్యాలయం వద్ద లేదు.”

“ఊపిరి ఈల వేస్తోంది కదా సార్.”

“ఈల ప్రాతిపదిక కాదు.”

తవిటమ్మ చేతులు జోడించింది. “పోనీ పెద్దూరు ఆసుపత్రికి కాయితం రాసీండి బావూ. ఎలగో తీసుకుపోతాను.”

“జిల్లాలో పరికరం ఉండగా పై ఆసుపత్రికి పంపడం నిబంధనలకు విరుద్ధం అమ్మా.”

“ఉంటే మరి వాడండి బావూ.”

“వాడడానికి అదింకా రాలేదు.”

“బీరువాలో ఉందన్నారు.”

“ఉంది. రాలేదు.” ఆయన ఈ తేడాను ఓపిగ్గా చెప్పారు. ఓపిక ఆయనకు ఉద్యోగంతో పాటు వచ్చింది.

వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద ప్రకటన వెలువడింది. కష్టసాధ్యమైన గొంతులు గల వ్యక్తుల నుండి పోటీ ప్రాతిపదికన గొంతులు కోరడమైనదనీ, కనీసం మూడు గొంతులు రానిచో ప్రక్రియ రద్దు పరచి తిరిగి పిలువబడుననీ అందులో ఉంది. ఆసుపత్రికి పెద్ద డాక్టరైన సూపరింటెండెంట్ గారికి ఈ ఆలోచన ఎంతో నచ్చింది. సిబ్బందిని పిలిచి ఒక సమావేశం కూడా పెట్టారు. “పారదర్శకత అనేది మనం ఇంతకాలం కాగితాలకే పరిమితం చేశాం,” అన్నారు. “ఇక అది రోగి గొంతు దాకా వెళ్లాలి.” అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ చేతులకు గ్లవ్స్ ఉండడం వల్ల ఆవిడ చప్పట్లు వినపడలేదు.

గడువు ముగిసింది. ఒక్క గొంతే వచ్చింది. ప్రక్రియ రద్దయింది. మళ్లీ పిలిచారు. మళ్లీ అదే గొంతు వచ్చింది.

ఈలోగా బంగారి గంజి తాగాలంటే గుక్కకూ గుక్కకూ మధ్య గోడ పట్టుకుని ఆగవలసి వస్తోంది. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ తవిటమ్మను వరండాలో పక్కకు పిలిచింది.

“ఇంకో నెల దాటితే కెమెరా ఉన్నా నేను వెయ్యలేకపోవచ్చు. ఆయన్ని మార్చడం నావల్ల కాలేదు. ఇంకో రెండు గొంతులు దొరికితే తెచ్చుకోండి.”

“ఎలాటివి డాట్రమ్మా?”

“మెడ పొట్టిగా ఉన్నవాళ్లు. నోరు సరిగ్గా తెరుచుకోనివాళ్లు. చూపించి వెళ్లిపోతారు, అంతే.”

తవిటమ్మ ఆ రోజు కార్ఖానాకు వెళ్లి పిక్కలు చూడలేదు, మెడలు చూసింది.

*

బాయిలరు దగ్గర పనిచేసే గున్నయ్యకు మెడ లేదు. తల నేరుగా భుజాల మీద దిగబెట్టినట్టుంటుంది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరుగుతాడు.

“నాకు రోగమేటీ నేదు కదా తవిటమ్మప్పా,” అన్నాడు అనుమానంగా.

“రోగం ఎవులికి కావాల? నీ పీక సూపించు, అంతే. పెళ్లిసూపుల్లాగ.”

“పెళ్లిసూపులకెల్లి ముగ్గురు పిల్లల్ని కన్నాను నాను. సూపించడంతో ఆగదది.”

“దానికి ఊపిరాడతం నేదురా,” అంది తవిటమ్మ. గున్నయ్య సాయంత్రం పనిలోంచి దిగాక మొహం కడుక్కుని వచ్చాడు.

రెండోది మాలచ్చమ్మ. అరవయ్యేళ్ల మనిషి. చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు. ఆ పొగకు బుగ్గలు లోపల గట్టిపడిపోయి నోరు సగమే తెరుచుకుంటుంది. ఆ సగంలోంచి వచ్చే మాటలకు మాత్రం లోటు లేదు.

“గొంతుకి పోటీలేటే? ఏ దేశంలో ఉన్నాం?”

“అత్తా, రాయే. నీ నోరు తెరుసుకోదని ఈ జన్మకి మొదటిసారి పనికొత్తంది.”

“నా నోరు తెరుసుకోదని మా కోడలితో సెప్పే, నమ్ముతాదేమో సూద్దాం,” అంది మాలచ్చమ్మ. వచ్చింది మాత్రం అందరికంటే ముందు.

గొంతులు తెరిచే రోజు ఆసుపత్రి హాల్లో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల వేశారు. సీలు వేసిన కవర్లలోనే బిడ్లు స్వీకరించాలి గనుక, నిర్ణీత సమయం వరకు ఎవరూ నోరు తెరవకుండా ముగ్గురి నోళ్లకూ గుడ్డ కట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేయాలని నిర్ణయించారు. గున్నయ్యకూ మాలచ్చమ్మకూ వేశారు. బంగారి దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ అడ్డం నిలబడింది.

“ఈమెకు కడితే పదకొండు గంటల దాకా ఉండదు.”

సర్వేశ్వరరావు గారు కాసేపు ఆలోచించి, మానవతా దృక్పథంతో సడలింపు ఇచ్చి, లక్క ముద్రను బంగారి మణికట్టు మీది దారానికి వేయించారు. సడలింపు ఇచ్చిన సంగతి ఫైల్లో ఒక పేరా అయింది.

పదకొండు గంటలకు నోళ్లు తెరిచారు. రెండు గంటల మౌనం తర్వాత మాలచ్చమ్మ మొదట అన్న మాటలు నమోదు చేయవద్దని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

నోరు ఎన్ని వేళ్ల మేర తెరుచుకుంటుందన్నది మొదటి కొలత. ఎవరి వేళ్లన్నది ప్రకటనలో లేదు.

“రోగి వేళ్లతోనే కొలుస్తాం సార్,” అంది డాక్టరమ్మ. “వైద్యంలో పద్ధతి అదే.”

“బిడ్డరు వేలితో బిడ్డరు బిడ్డు కొలవడం పక్షపాతమవుతుంది మేడమ్.”

సూపరింటెండెంట్ గారి వేళ్లు లావు. టైపిస్టు వేళ్లు సన్నం. అరగంట చర్చ జరిగాక సర్వేశ్వరరావు గారి వేలిని కార్యాలయపు వేలుగా గుర్తించారు. మెడ పొడవు కొలవడానికి వచ్చిన గుమస్తా టేపు పట్టుకుని గున్నయ్య చుట్టూ రెండుసార్లు తిరిగి, కొలవవలసిన వస్తువు అందుబాటులో లేదని రాశాడు.

ఒక్కో ఇబ్బందికి ఇన్ని మార్కులని వేసి తులనాత్మక పట్టిక కట్టారు. గున్నయ్యకు నాలుగు. మాలచ్చమ్మకు ఏడు. బంగారికి పంతొమ్మిది.

తవిటమ్మకు ప్రాణం లేచివచ్చింది. పంతొమ్మిది. చెల్లెలు ఎందులోనైనా మొదట రావడం అదే మొదలు.

సర్వేశ్వరరావు గారు లేచి నిలబడి చదివారు. “టెండరు నియమావళి ననుసరించి అత్యల్పం చూపిన వారు ఎల్-వన్. గున్నయ్య గారి గొంతు ఆమోదించబడినది. వారికి శస్త్రచికిత్స ఉత్తర్వు జారీ చేయబడును. బంగారి గారి గొంతు అత్యధికం అయినందున తిరస్కరించడమైనది.”

హాల్లో ఈల ఒక్కటే వినబడింది.

“సార్,” అంది డాక్టరమ్మ మెల్లగా, “అతనికి జబ్బు లేదు.”

“జబ్బు ఉండవలెనని అర్హతల్లో పెట్టలేదు మేడమ్. గొంతు అని మాత్రమే పెట్టాం. ముసాయిదా మీకూ పంపాం. మీరు అభ్యంతరం రాయలేదు.”

“ఏం కోస్తాం అతనికి?”

“అది సాంకేతిక విషయం. దానిలో కార్యాలయం జోక్యం చేసుకోదు.”

*

ఉత్తర్వు మర్నాడే గున్నయ్య చేతికి వచ్చింది. ఏడు రోజుల్లోగా శస్త్రచికిత్సకు హాజరు కావలెను. కానిచో నల్లజాబితాలో చేర్చి, మూడేళ్ల పాటు ఏ ప్రభుత్వాసుపత్రిలోనూ జ్వరానికి కూడా చూడబడదు. గున్నయ్య ఆ కాగితం పట్టుకుని బాయిలరు ముందు చతికిలబడ్డాడు.

“సెప్పినానా అప్పా, సూపించడంతో ఆగదని. నా పెళ్లానికి ఏటని సెప్పాల? ఏటీ నేకుండా కోయించుకున్నానని సెప్పాలా?”

తవిటమ్మ అతని పక్కనే కూర్చుంది. రావలసినవాళ్లకు రాని కాగితం, అక్కర్లేనివాడి చేతిలో ఉంది. దాని మీద ఆసుపత్రి ముద్ర నిగనిగలాడుతోంది. గుండు పప్పును ముక్కల బస్తాలో పోసి, తొక్కలకు మొదటి రకం చీటీ కట్టినట్టుంది.

మాలచ్చమ్మ చుట్ట తిప్పుకుంటూ వచ్చింది. “ఏడుత్తావేట్రా? మా వీధి రోడ్డు కంట్రాక్టు ఎవులికొచ్చినాది? ఆ తెల్ల సొక్కా వోడికి. ఏసినోడెవుడు? ఇంకోడు. కంట్రాక్టొచ్చినోడే పని సేసినట్టు నీకెక్కడైనా కనపడినాదేట్రా ఈ లోకంలో?”

తవిటమ్మ తలెత్తి చూసింది. తర్వాత లేచి, గున్నయ్య చేతిలోని కాగితం తీసుకుని, “నడు,” అంది.

సర్వేశ్వరరావు గారు వాళ్లు చెప్పింది చివరిదాకా విన్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. చిన్నప్పుడు తప్పిపోయిన బంధువు గుమ్మంలో నిలబడినట్టు ఒక మెత్తదనం వచ్చింది.

“సబ్ కాంట్రాక్టు,” అన్నారు. “ఎల్-వన్ తన పనిని వేరొకరికి అప్పగించవచ్చు. ఫారం ఉంది. చాలా మంచి ఫారం. ఇన్నేళ్లలో వైద్య విభాగం నుంచి ఒక్కరు కూడా అడగలేదు.”

ఫారం మీద గున్నయ్య వేలిముద్ర వేశాడు. తన గొంతును బంగారికి ఉపగుత్తకు ఇస్తున్నాననీ, ఆమె గొంతులో జరుగు మంచిచెడ్డలన్నీ తనవేననీ అందులో ఉంది. రికార్డులన్నీ అసలు గుత్తేదారు పేరునే ఉంటాయి. ఆపరేషన్ నాడు బంగారి చేతికి కట్టిన చీటీ మీద గున్నయ్య, పురుషుడు, నలభై నాలుగు అని రాశారు.

“అప్పా, నేను మగోణ్ణైపోనాను,” అంది బంగారి ఈల మధ్యలోంచి.

“అవ్వు. ముందు బతుకు, తరవాత ఏటైనా అవ్వు.”

థియేటరు తలుపు దగ్గర నర్సు ఇక ఆగమంది. తవిటమ్మ చెల్లెలి చెయ్యి వదిలిపెట్టలేదు. నర్సు ఒక్కొక్క వేలే విడదీసింది. రెండు తలుపులూ కలుసుకునే ముందు బంగారి ఏదో అంది. తలుపు చప్పుడులో అది పోయింది. తవిటమ్మ ఆ మాట ఏమై ఉంటుందా అని బల్ల మీద కూర్చుని రకరకాలుగా అనుకుంది. తల్లి కూడా చివర ఏదో అంది. మొగుడు కూడా. అప్పుడూ ఇలాగే ఏదో ఒక చప్పుడు అడ్డం వచ్చింది.

మూడు గంటల తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. టోపీ కింద జుట్టంతా చెమట.

“దారి కనపడిందమ్మా. కెమెరా పెట్టాక అర నిమిషం పట్టింది, అంతే. గొట్టం వేశాను. గడ్డ తీసేశారు. ఊపిరి తనే తీసుకుంటోంది.”

“పడుకునుందేటి?”

“వెల్లకిలా పడుకుంది.”

తవిటమ్మ తనూ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ గడ్డను ఒక సీసాలో పెట్టి, పైన గున్నయ్య పేరు రాసి తీసుకుపోయారు. కెమెరాను కడిగి మళ్లీ బీరువాలో పెట్టారు. ఒక గొంతు మీద ఒక పరికరమే వాడినందున పోలిక పూర్తి కాలేదనీ, మిగిలిన రెంటినీ అదే గొంతు మీద ప్రయత్నించుటకు సదరు గున్నయ్య గారికి తాఖీదు పంపవలెననీ ఫైల్లో రాశారు. ఆ తాఖీదు వచ్చేసరికి గున్నయ్య బంధువుల ఊరికి వెళ్లిపోయాడు.

*

ఇంటికి పంపే రోజు తవిటమ్మను ఆఫీసుకు రమ్మన్నారు.

“తిరస్కరించబడిన బిడ్లను యథాతథంగా వాపసు చేయాలి,” అన్నారు సర్వేశ్వరరావు గారు. “మీ చెల్లెలి గొంతు సీలు తెరవకుండా, గడ్డతో సహా, ఇచ్చినది ఇచ్చినట్టు ముట్టినదని ఇక్కడ వేలిముద్ర వేయమ్మా.”

తవిటమ్మ వేసింది. అబద్ధమే. అయినా ముట్టిన మాట నిజం.

“ముట్టకపోయుంటే బావూ?”

“దానికి వేరే ఫారం. అదీ సిద్ధంగానే ఉంచాం. రెండూ ఒకేసారి టైపు చేయిస్తే పని తేలిక.” ఆయన సొరుగులోంచి తీసి చూపించారు.

కార్ఖానా బస్తాల మీద అచ్చు చూసి నేర్చుకున్న చదువు తవిటమ్మది. వేలు పెట్టి నెమ్మదిగా కూడబలుక్కుంది. శవము అప్పగింత పత్రము. పేరు, బంగారి. తీసుకొనువారు, అక్క తవిటమ్మ. తేదీ దగ్గర ఖాళీ.

“సింపీండి.”

“కార్యాలయ పత్రం చింపరాదు. ఫైల్లో ఉంటుంది. ఏనాటికైనా పనికొస్తుందమ్మా. తేదీ ఒక్కటే వేసుకోవాలి.”

తవిటమ్మ ఎదురుగా ఉన్న కుర్చీలో అడక్కుండానే కూర్చుంది. కాగితాన్ని మరోసారి మొదటి నుంచి చివరి దాకా చదివింది.

“దీని మీద ఒక్క పేరే ఉందేటి బావూ?”

“ఒక్కటే.”

“మరి పోటీ ఏదీ?”

సర్వేశ్వరరావు గారు తలెత్తారు.

“ఒక్కటే అయితే సెల్లదన్నారు కదా,” అంది తవిటమ్మ. “ఇంకో రెండు పేర్లు కావాల. పెద్ద డాట్రు గారిదొకటి రాయండి. మీదొకటి రాయండి. మూడూ పక్కపక్కన పెట్టి, ఎవులిది తక్కువొత్తే ఆళ్లకిచ్చీండి.”

ఆయన కోప్పడదామని నోరు తెరిచి ఆగారు. అభ్యంతరం సరైనదే. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఒక సింగిల్ బిడ్డును ఫైల్లో పెట్టబోయింది ఇదే మొదటిసారి. చిన్నగా సిగ్గుపడి, సొరుగులోంచి మరో రెండు ఖాళీ ఫారాలు తీశారు. ఒకదాని మీద సూపరింటెండెంట్ గారి పేరు తడబాటు లేకుండా రాశారు. రెండోదాని మీద తన పేరు, హోదాతో సహా.

తవిటమ్మ లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన కలం ఎటు పోతే అటు చూస్తూ కూర్చుంది.

పట్టికకు కొలతగా ఏమి పెట్టాలా అని ఆలోచించి, మిగిలియున్న సర్వీసు అని రాశారాయన. బంగారికి సర్వీసు లేదు గనుక వర్తించదు. సూపరింటెండెంట్ గారికి ఆరేళ్లు. తనకు పదకొండు నెలలు. ఎర్ర సిరాతో తన పేరు ఎదుట ఎల్-వన్ అని వేసి, ఆమోదించడమైనదని కింద సంతకం చేసి, ముద్ర వేయబోతూ తన పేరున్న ఆ ఫారాన్ని మొదటిసారి పూర్తిగా చదివారు.